రేవు మీద తగాదా: కయాక్‌లు, చేపల ఆటో, ఒక ట్రైలర్

ఇది హైదరాబాద్ శివారులో, ఔటర్ రింగ్ రోడ్డు దాటి కాస్త లోపలికి పోతే వచ్చే ఒక ఊరి చెరువు సంగతి. చెరువు పేరూ ఊరి పేరూ రాయడం లేదు. అక్కడి వాళ్లు ఇప్పుడు ఒకరితో ఒకరు బాగానే సర్దుకుపోతున్నారు, పాత గొడవ పట్టుకుని వాళ్లను ఎవరూ కదిలించకూడదు. నేను కయాకింగ్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ కయాక్) నేర్పుతాను, నీళ్ల మీద భద్రత గురించి గ్రూపులకు ట్రైనింగ్ ఇస్తాను. ఆ చెరువులో ఆదివారాలు కయాకింగ్ చేసే ఒక గ్రూపు వాళ్లు నన్ను పిలిచింది మాత్రం ట్రైనింగ్‌కు కాదు. "అన్నా, ఇకనుంచి మమ్మల్ని చెరువులో దిగనియ్యం అంటున్నరు, ఒక్కసారి వచ్చి మాట్లాడవా" అని ఫోన్ చేశారు. గొడవ మొదలైంది రేవు మీద.

రేవు గొడవ అంటే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నేను తీసుకోను. మునిగిపోవడం గురించి అందరం మాట్లాడతాం, లైఫ్ జాకెట్ గురించి మాట్లాడతాం, కానీ బండి వెనక్కి వస్తుంటే దాని వెనక వంగి చెప్పుల పట్టీ పెట్టుకుంటున్న మనిషి గురించి, పాచి మీద జారి సిమెంటు అంచుకు తల కొట్టుకునే మనిషి గురించి, తిరుగుతున్న ప్రొపెల్లర్‌కు నాలుగడుగుల దూరంలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డ పిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. ఈ మూడు ప్రమాదాలకూ చోటు రేవులో ఉండే ఆ కొద్దిపాటి ఏటవాలు సిమెంటే, అంటే ర్యాంపే. పైగా అక్కడే కొందరి బతుకుదెరువు కూడా ఉంటే, మర్యాద తప్పడం అంటే ఎదుటివాడి కూలి పోగొట్టడం.

హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పడవలు నడిపిన వాళ్లకు ఈ క్రమశిక్షణ వేరే చెప్పక్కర్లేదు. అక్కడ యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ లాంటివి ఉన్నాయి. లేజర్ అనే చిన్న తెరచాప పడవ పొడవు 4.23 మీటర్లు, ఒట్టి పడవ బరువే 59 కిలోలు ఉంటుంది, దాన్ని చేతుల మీద మోసుకుపోలేం కాబట్టి చక్రాల ట్రాలీ మీద నీళ్లలోకి దింపుతారు. చాప కట్టడం, తాళ్లు బిగించడం, చుక్కాని సరిచూసుకోవడం అంతా పైన చదును నేల మీద, పడవ ముక్కు గాలికి ఎదురుగా పెట్టి చేస్తారు. పడవ తేలగానే ఎవరో ఒకరు ఖాళీ ట్రాలీని పైకి లాక్కుపోవాలి. ఒక్క ట్రాలీ ర్యాంపు మీద వదిలేస్తే వెనక ఉన్న వాళ్లంతా పడవలు పట్టుకుని నిలబడాల్సిందే, కాబట్టి ఆ పాఠం ఎవరూ క్లాసు పెట్టి చెప్పకుండానే ఒంటబడుతుంది.

కయాక్ వాళ్లలో ఎక్కువమంది అలా రాలేదు. మన దగ్గర చాలామంది మొదటిసారి కయాక్ ఎక్కేది దుర్గం చెరువులోనో, వికారాబాద్ వైపు కోట్‌పల్లి ప్రాజెక్టులోనో, అద్దెకిచ్చే చోట. అక్కడ ఒడ్డు చూసుకునే మనిషి ఉంటాడు. జాకెట్ అతనే తొడుగుతాడు, కయాక్ అతనే పట్టుకుంటాడు, మనం కూర్చున్నాక అతనే తోస్తాడు, తిరిగి వచ్చాక ముక్కు పట్టుకుని అతనే పైకి లాగుతాడు. ఒడ్డు మీద మన పని ఏమిటో తెలిసే అవకాశమే రాదు. ఆ సరదాతో సొంత కయాక్ కొంటారు, కారు పైన కట్టుకుంటారు, ఒడ్డు చూసుకునే మనిషి లేని ఊరి చెరువుకు వస్తారు. ఈ కేసులో గ్రూపు మొత్తం అలాంటి వాళ్లే. మంచివాళ్లు, చెత్త ఎత్తుకుపోయే వాళ్లు, ఎవరినీ చులకనగా చూసే వాళ్లు కాదు. అయినా గొడవ అయింది.

రేవు, దాని మీద దిగే వాళ్లు

ఆ రేవు పడవల కోసం కట్టింది కాదు. బతుకమ్మల కోసం, వినాయకుల కోసం కట్టింది. నీళ్ల వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమ పక్క మెట్లు, కుడి పక్క బండి దిగేలా ఏటవాలు సిమెంటు. ఒక ట్రాలీ ఆటో దిగితే దాని పక్కన ఇద్దరు మనుషులు ఒక కయాక్ పట్టుకుని నడవడానికి సరిపోయేంత వెడల్పు, అంతే. పైన మొరం పోసిన ఖాళీ జాగా, ఒక వేపచెట్టు, కట్ట పక్కన మత్స్యకారుల సంఘం వాళ్లు కూర్చునే రేకుల పందిరి.

ఈ వెడల్పు కూడా ఏడాది పొడవునా ఒకేలా దొరకదు. చెరువు నిండి మత్తడి దుంకే రోజుల్లో ర్యాంపు చాలావరకు నీళ్లలో ఉంటుంది, బయట మిగిలేది పొట్టి ముక్క, దాని నీటి అంచున పచ్చటి పాచి. ఏప్రిల్, మే వచ్చేసరికి నీళ్లు దిగిపోతాయి, ర్యాంపు చివరి పలక బయటపడుతుంది, దాని తర్వాత అడుగు వేస్తే కాలు ఒండ్రులో దిగబడుతుంది. వానాకాలంలో సర్దుకున్న పద్ధతి ఎండాకాలంలో పనిచెయ్యదు. నీటి అడుగున వినాయకుల బొమ్మల నుంచి మిగిలిన ఇనుప తీగలు, మేకులు, వెదురు ముక్కలు ఉంటాయి, అందుకే ఆ రేవులో ఉత్త కాళ్లతో దిగొద్దని ఇప్పటికీ ప్రతి ఒక్కరికీ చెబుతాను.

దిగేవాళ్లు మూడు రకాలు. మొదట చేపలు పట్టేవాళ్లు. చెరువు మీద చేపల హక్కు వాళ్ల సహకార సంఘానిది. రాష్ట్ర ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలే పథకం పెట్టాక ఇలాంటి సంఘాల పని పెరిగింది. వీళ్లు సాయంత్రం వల వేస్తారు, తెల్లవారకముందే పుట్టిలోనో థర్మాకోల్ తెప్ప మీదో పోయి ఎత్తుతారు. రవ్వ, బొచ్చె, బంగారు తీగ, అప్పుడప్పుడు కొర్రమీను. ఆదివారం పొద్దున చేపకు ఉండే గిరాకీ వారంలో మరే రోజూ ఉండదు. కొనేవాళ్లు కాంటా, ఐసు పట్టుకుని ట్రాలీ ఆటోలో నేరుగా రేవు మీదకే వస్తారు, అక్కడే తూకం, అక్కడే లెక్క. ఎండెక్కే కొద్దీ ఐసు కరుగుతుంది, బేరం తగ్గుతుంది. వాళ్లకు పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా ఒక్కో నిమిషానికీ విలువ ఉంది.

రెండోవాళ్లు కయాక్ గ్రూపు. సూర్యోదయం చూడాలి, గాలి లేవకముందే నీళ్ల మీద ఉండాలి కాబట్టి వాళ్లు వచ్చేదీ సరిగ్గా ఆ ఆరు గంటలకే. మూడో ఆయన దగ్గర్లో ఫామ్‌హౌస్ ఉన్నాయన, నెలకోసారో రెండుసార్లో జీపు వెనక ట్రైలర్ మీద చిన్న మోటారు బోటు తెస్తాడు.

గొడవ

జరిగింది చెప్పమని అందరినీ విడివిడిగా అడిగాను, కథలు పెద్దగా తేడా రాలేదు. ఒక ఆదివారం చేపల ఆటో రివర్స్‌లో దిగుతోంది. ర్యాంపు మధ్యలో ఆకుపచ్చ కయాక్ ఒకటి అడ్డంగా పడుకుని ఉంది, దాని యజమాని పైన కారులోంచి నీళ్ల సీసా తెచ్చుకోవడానికి పోయాడు. ట్రాలీ ఆటోలో కూర్చున్న మనిషికి వెనక నేలబారుగా ఉన్న వస్తువు కనిపించదు, అద్దంలోనూ రాదు. చక్రం కయాక్ తోక మీదకి ఎక్కింది, బండి పక్కకు ఒరిగింది, రెండు ట్రేల చేపలు సిమెంటు మీద పడ్డాయి. కయాక్ యజమాని పరుగెత్తుకొచ్చి "కనబడట్లేదా" అన్నాడు. ఆటో అతను "తొవ్వల పండబెట్టి కనబడలేదంటవా" అన్నాడు. మాట మీద మాట పెరిగింది, అప్పుడు సంఘం వాళ్లలో ఒకాయన పాత లెక్క బయటికి తీశాడు. అంతకు కొన్ని వారాల ముందు ఎవరో కయాక్ వాళ్లు వలలో చిక్కుకుంటే కత్తితో వల కోసుకుని బయటపడి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు. "మాకు ఇది బతుకుదెరువు, మీకు టైంపాసు. ఇంగ రావద్దు." అక్కడితో ఆగింది.

కయాక్‌కు పెద్దగా ఏమీ కాలేదు. ఈ రకం కయాక్‌లు పాలిథిలిన్‌తో చేస్తారు, సొట్ట పడితే ఎండలో పెట్టి, వేడినీళ్లు పోసి లోపలి నుంచి మెల్లగా నొక్కితే చాలావరకు సర్దుకుంటుంది. చేపలకు అలాంటి వైద్యం లేదు, ట్రేలోంచి సిమెంటు మీద పడి తోలు గీసుకుపోయిన చేపను కొనేవాడు రేటు తగ్గిస్తాడు. నష్టపోయింది ఎవరో ముందు గ్రూపుకు అర్థం కావాలని ఈ మాట వాళ్లకు గట్టిగానే చెప్పాను.

నేను వెళ్లేలోపే గ్రూపువాళ్లు రెండు ప్రయత్నాలు చేశారు. ఒకటి, "దయచేసి సహకరించండి" అని ఫ్లెక్సీ కట్టారు. ఎవరు ఎవరికి ఏ విషయంలో సహకరించాలో అందులో లేదు. రెండోది, వాట్సాప్‌లో టైం స్లాట్లు పెట్టారు, ఆరు నుంచి ఆరున్నర చేపలు, ఆరున్నర నుంచి ఏడు కయాక్‌లు అని. చేప గడియారం చూసి వలలో పడదు. ఎక్కువ పడిన రోజు తూకం ఏడున్నర దాకా నడుస్తుంది, గాలివాన వచ్చిన మర్నాడు వల ఎత్తడమే ఆలస్యమవుతుంది. ఆరున్నరకు కయాక్‌లు పట్టుకుని "మా టైం అయింది" అని నిలబడితే పరిస్థితి ఇంకా చెడింది.

నేను కూర్చుని చూసింది

కొన్ని ఆదివారాలు తెల్లవారకముందే పోయి వేపచెట్టు కింద కూర్చుని ఊరికే చూశాను. ఎవరు ఎంతసేపు ర్యాంపు మీద ఉన్నారు, అక్కడ ఏం పని చేశారు, అదే రాసుకున్నాను. ముందే అన్నీ సిద్ధం చేసుకుని వచ్చిన మనిషి కయాక్ నీళ్లలో పెట్టి, కూర్చుని, కదిలిపోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. సిద్ధం కాకుండా వచ్చిన మనిషి పావుగంట ఉంటాడు. ఆ పావుగంటలో జరిగేది: కారు నీటి అంచు దాకా తేవడం, పైన పట్టీలు విప్పడం, కయాక్ దించి అక్కడే పెట్టడం, సీటు బిగించడం, ఫోను వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టడం, తెడ్డు రెండు ముక్కలు కలపడం, జాకెట్ కొలత సరిచేసుకోవడం, మళ్లీ కారు పైకి తీసుకెళ్లి పార్క్ చేసి నడిచి రావడం. గాలి నింపే కయాక్ అయితే పంపు కొట్టడం కూడా. కొత్తవాళ్లు ఉన్న రోజు గ్రూపు లీడర్ నీటి అంచున అందర్నీ గుండ్రంగా నిలబెట్టి తెడ్డు పట్టుకోవడం నేర్పుతాడు. వీటిలో నీళ్లు అవసరమైన పని ఒక్కటీ లేదు. అన్నీ పొడి నేల మీద చెయ్యాల్సిన పనులు, తడి సిమెంటు మీద జరుగుతున్నాయి, కారణం ఒక్కటే, కారు అక్కడిదాకా పోగలదు కాబట్టి పోయింది.

ఈ కేసు మొత్తంలో నాకు ముఖ్యంగా తోచింది ఇదే. మర్యాద నేర్పాల్సిన మనుషులు అక్కడ ఎవరూ లేరు, పని చేసే చోటు మార్చాలి. నువ్వు మంచిగా మాట్లాడు, నువ్వు ఓపిక పట్టు అని ఎంత చెప్పినా, పావుగంట పని ర్యాంపు మీదే జరుగుతున్నంతకాలం ఎవరో ఒకరికి కోపం వస్తూనే ఉంటుంది. వంటింటి గుమ్మంలో కూర్చుని కూరగాయలు తరిగితే ఎంత మంచి మనిషినైనా దాటేవాళ్లు విసుక్కుంటారు కదా.

ఇంకో సంగతి. గ్రూపులో చాలామంది అమెరికా వీడియోలు చూసి రేవు పద్ధతులు నేర్చుకున్నామన్నారు. వాటిలో పనికొచ్చేవి ఉన్నాయి, కింద చెబుతాను. కానీ అక్కడి తగాదా వేరు. అక్కడ చాలా పబ్లిక్ ర్యాంపులకు డబ్బు గాలాల సామాను మీద, మోటారు బోట్ల ఇంధనం మీద వేసే పన్నుల నుంచి వస్తుంది. 1950లో వచ్చిన చట్టం గాలాల సామానుతో మొదలుపెట్టింది, 1984 సవరణ ఇంధనం పన్నును కలిపింది. చాలా రాష్ట్రాల్లో కయాక్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అందుకని మోటారు బోటు వాళ్లు "డబ్బు మాది, దారి వదలండి" అంటారు, కయాక్ వాళ్లు "నీళ్లు అందరివీ" అంటారు. ఆ వాదనను తెచ్చి మన ఊరి చెరువు మీద పెడితే అతకదు. ఇక్కడ రేవు కట్టింది పండుగలకు, చేప మీద హక్కు సంఘానిది, కయాక్ వాళ్లు ఊరికి చుట్టాల్లాంటి వాళ్లు. "ఇది పబ్లిక్ ప్లేస్ కదా" అని గ్రూపులో ఒకతను అన్నాడు, నిజమే, కానీ ఆ మాటతో అక్కడ ఎవరి మనసూ కరగదు, కరగాల్సిన అవసరం కూడా లేదనే నా అభిప్రాయం.

మాట్లాడుకుని మార్చినవి

సంఘం పందిరి కింద చాయ్ తాగుతూ కూర్చున్నాం. ముందు వల సంగతి తేలాలి, అది తేలకుండా ర్యాంపు మాట ఎత్తొద్దని గ్రూపుకు ముందే చెప్పాను. వల కోసింది ఈ గ్రూపువాళ్లేనా, ఎవరో కొత్తవాళ్లా అన్నది తేలలేదు, అయినా వల బాగుచేయించే ఖర్చు గ్రూపే ఇచ్చింది. పెద్దాయన ఒకరు మొదట వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయనే వల ఎలా గుర్తుపట్టాలో చెప్పడం మొదలుపెట్టాడు. థర్మాకోల్ ముక్కలు, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు వరసగా తేలుతుంటే వాటి మధ్య వల ఉన్నట్టు. చుట్టూ తిరిగిపోవాలి. తప్పక దాటాల్సి వస్తే రెండు తేలే ముక్కల మధ్య, వల కిందికి కుంగిన చోట, తెడ్డు ఎత్తి పట్టుకుని జారిపోవాలి. కయాక్ అడుగున ఫిన్ (రెక్కలాంటి పలక) ఉంటే అది వలను పట్టేస్తుంది, కాబట్టి దాటొద్దు. చిక్కుకుంటే కత్తి తియ్యకుండా వెనక్కి తెడ్డు వేస్తే చాలాసార్లు ఊడుతుంది. మనిషి నీళ్లలో పడి చిక్కుకుంటే మాత్రం వల గురించి ఆలోచించొద్దు, కోసెయ్యాలి, కోశాక ఒడ్డుకొచ్చి సంఘం వాళ్లకు చెప్పాలి. ఈ చివరి మాట కూడా ఆయనే అన్నాడు.

ర్యాంపు గురించి నిర్ణయం చాలా తొందరగా అయింది, ఎందుకంటే దారి చూపింది కూడా వాళ్లే. స్లాట్లు వద్దు, గడియారం వద్దు. "కాంటా కింద ఉన్నంతసేపు కుడి దిక్కు రావద్దు. కాంటా లేసినంక మీ ఇష్టం." తూకం కాంటా రేవు మీద ఉందా, తీసేశారా అన్నది ఎవరు చూసినా అర్థమయ్యే గుర్తు, కొత్తవాళ్లకు కూడా ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఈలోపు కయాక్‌లు ఎడమ పక్క, మెట్లకూ ఏటవాలుకూ మధ్య ఉన్న అంచు నుంచి దిగుతాయి. కయాక్ తేలడానికి చీలమండ లోతు నీళ్లు చాలు, దానికి ర్యాంపే అక్కర్లేదు. ట్రైలర్‌కు, ఆటోకు మాత్రం వేరే దారి లేదు. ప్రత్యామ్నాయం ఉన్నవాళ్లు లేనివాళ్లకు చోటు వదలాలి, నేను ఎక్కడ నేర్పినా ముందు చెప్పేది ఇదే.

తయారీ అంతా వేపచెట్టు దగ్గరికి మారింది. కార్లు చెట్టు దాటి కిందికి రావు. కయాక్ అక్కడ దింపుతారు, సీటు, తెడ్డు, నీళ్లు, ఫోను, జాకెట్, అన్నీ అక్కడే. కొత్తవాళ్లకు తెడ్డు పాఠం అక్కడే, పొడి నేల మీద కయాక్‌లో కూర్చోబెట్టి చెబుతారు, నిజానికి అలాగే బాగా వస్తుంది. అక్కడ ఏదైనా షెడ్డు వేద్దామా అని గ్రూపు అడిగింది, ఆ జాగా ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) పరిధికి దగ్గర, అలాంటి చోట కట్టడం మాట ఎత్తనే వద్దన్నాను. చెట్టు నీడ చాలు. సిద్ధమయ్యాక ఇద్దరు కలిసి ఒక కయాక్ మోస్తారు. మామూలు కయాక్‌లు ఇరవై నుంచి ముప్పై కిలోల మధ్య ఉంటాయి, ఇద్దరికి బరువు కాదు. ఈడ్చుకు రావద్దు, సిమెంటు మీద ఈడిస్తే అడుగు అరిగిపోతుంది, చెక్కుకుపోయిన ప్లాస్టిక్ పొట్టు చెరువులోకే పోతుంది. ఒంటరిగా వచ్చిన మనిషి కనిపిస్తే, మన గ్రూపు అయినా కాకపోయినా, పోయి ఒక చివర పట్టుకోవాలి. పుట్టి పైకి లాగుతున్న కాకా కనిపించినా అంతే.

తెల్లవారుజామున చీకట్లో కార్లు నీళ్ల వైపు ముఖం పెట్టి హెడ్‌లైట్లు వేసి ఉంచేవాళ్లు, సామాను కనిపించాలని. రివర్స్‌లో దిగే ఆటో అతని కళ్లలో, వల ఎత్తుకుని వచ్చే పుట్టి మనిషి కళ్లలో ఆ వెలుతురు పడుతుంది. ఇప్పుడు హెడ్‌లైట్లు ఆపి పార్కింగ్ లైట్లే ఉంచుతున్నారు. తలకు కట్టుకునే లైటు కూడా కిందికి వంచుకుంటారు. వీడియోల నుంచి వచ్చిన పద్ధతుల్లో నాకు బాగా నచ్చినది ఇది, ఖర్చు లేదు, కష్టం లేదు.

తిరిగి రావడం గురించి ఎవరూ ఆలోచించరు, అందుకే అక్కడ ఎక్కువసేపు మాట్లాడాను. ఈ చెరువు కట్ట తూర్పున ఉంది, రేవు కట్ట పక్కనే. జూన్ నుంచి ఆగస్టు దాకా మన దగ్గర గాలి పడమటి వైపు నుంచి వీస్తుంది, పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది. అంటే గాలి కయాక్‌లన్నిటినీ ఒకేసారి రేవు మీదకి తోస్తుంది, అలిసిపోయిన కొత్తవాళ్లు ముక్కు తిప్పుకోలేక అడ్డంగా వచ్చి సిమెంటుకు కొట్టుకుంటారు. అందుకని దిగేవాళ్ల కంటే వచ్చేవాళ్లకే ముందు దారి. నీళ్ల మీద ఉన్న మనిషి అలిసిపోయి ఉండొచ్చు, ఒడ్డున ఉన్నవాడికి ఆగితే పోయేదేమీ లేదు. వచ్చేవాళ్లు కాస్త దూరంలో ఆగి, ఒకరి తర్వాత ఒకరు రావాలి. దిగిన మనిషి కయాక్‌ను చెట్టు దాకా తీసుకుపోయాకే నీళ్లు తాగడం, ఫొటోలు, ముచ్చట్లు.

ట్రైలర్ ఆయనతో విడిగా మాట్లాడాను. బోటు పట్టీలు విప్పడం, అడుగు రంధ్రానికి బిరడా పెట్టడం, ముందు కొక్కేనికి తాడు కట్టడం ఆయన నీటి అంచున చేసేవాడు, ఇప్పుడు చెట్టు దగ్గరే చేసుకుని వస్తాడు. ట్రైలర్ కదులుతున్నంతసేపు డ్రైవర్ వైపు ఒక మనిషి అద్దంలో కనిపించేలా నిలబడి చెయ్యి చూపిస్తాడు, ట్రైలర్ వెనక ఎవరూ ఉండకూడదు, కయాక్ కూడా. ఇంజన్ ఆగేదాకా కయాక్‌లు ఆ పక్కకు రావు, రేవుకు దగ్గర పడ్డాక బోటు మెల్లగా వస్తుంది, ఎందుకంటే దాని అల తాకితే చేపలతో నిండిన పుట్టి ఊగి నీళ్లెక్కుతుంది. ఇవన్నీ ఒప్పుకున్నాడు. ఒక్కటి మాత్రం కష్టమైంది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఇంజన్ గట్టిగా తిప్పి బోటును ట్రైలర్ మీదకి ఎక్కిస్తాడు, మనిషి దిగి తడవక్కర్లేదు, సులువు. కానీ ప్రొపెల్లర్ వెనక్కి తోసే నీళ్లు ర్యాంపు చివరి పలక కింద మట్టిని తవ్వేస్తాయి. పలక కింద బోలు పడుతుంది, దాని అవతల గుంత పడుతుంది. అదే గుంతలో నడుస్తున్న మనిషి ఒక్కసారిగా నడుము లోతుకు జారతాడు. వేసవిలో నీళ్లు దిగినప్పుడు ఆయన్ను తీసుకెళ్లి ఆ బోలు చూపించాను. చూశాక విన్చ్‌తో (తాడు చుట్టి లాగే చక్రంతో) లాగడం మొదలుపెట్టాడు.

గుర్రపు డెక్క సంగతి రేవు మర్యాదలో భాగమే అని నేను పట్టుబట్టాను, గ్రూపులో కొందరికి అది అతిగా అనిపించింది. నగరం లోపలి చెరువుల్లో తిరిగిన కయాక్ అడుగున, ఫిన్ సందులో, తాడు ముడిలో ఒక చిన్న తీగ ముక్క వేరుతో అతుక్కుని వస్తే చాలు. నీళ్లలో మురుగు పోషకాలు ఉండి ఎండ బాగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపు అయ్యే మొక్క అది, దాని గింజలు ఒండ్రులో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. ఈ చెరువులో అది పరుచుకుంటే మొదట ఆగేది వల, తర్వాత పుట్టి, ఆ తర్వాతే కయాక్. కాబట్టి ఏ చెరువు నుంచి బయలుదేరినా అక్కడే కయాక్ బోర్లించి నీళ్లు వంచెయ్యాలి, అంటుకున్నవి తీసి ఒడ్డు పైన పారెయ్యాలి, ఇంటికెళ్లి బాగా ఎండబెట్టాలి. హుస్సేన్‌సాగర్‌లో శనివారం తిరిగి ఆదివారం తడి కయాక్‌తో ఇక్కడికి రావడం కుదరదని గ్రూపు రాసుకుంది.

పండుగ రోజుల గురించి చర్చ అవసరం కూడా రాలేదు. వినాయక చవితి నుంచి నిమజ్జనాలు పూర్తయ్యేదాకా, ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా సాయంత్రాలు కయాక్‌లు రావు. ఆడవాళ్లు బతుకమ్మలు నీళ్లలో వదిలే చోట మన కయాక్‌లు తిరగకూడదు, అంతే.

ఇప్పుడు ఎలా ఉంది

చేపల తూకం జరుగుతుండగానే ఎడమ పక్క నుంచి కయాక్‌లు దిగిపోతున్నాయి, ఒకరికొకరు అడ్డం రావట్లేదు. గ్రూపువాళ్లు నీళ్ల మీద వదులైన వల కనిపిస్తే సంఘం వాళ్లకు ఫోన్ చేస్తున్నారు. చేపలు కూడా అక్కడే కొంటున్నారు, కాంటా లేచేలోపు.

తెగని ప్రాబ్లం ఒకటుంది. గ్రూపుతో సంబంధం లేకుండా రీల్స్ చూసి వచ్చే కొత్తవాళ్లు. వాళ్లకు కాంటా సంగతి తెలియదు, కారు నేరుగా నీళ్ల దాకా తెచ్చేస్తారు. గ్రూపులో ఒకరు ప్రతి ఆదివారం చెట్టు దగ్గర ఉండి, వచ్చిన కారుకు ఎదురుపోయి "అన్నా, ఇక్కడ దింపుకుందాం, నేను పడతా" అని ఒక చివర పట్టుకుంటున్నారు. సాయం చేసే చెయ్యి ముందు వస్తే ఎవరూ వాదించట్లేదు. అయితే ఇది మనిషి ఉన్నరోజే నడుస్తుంది, మామూలు రోజుల్లో ఎవరూ ఉండరు, ఆ రోజుల్లో ఒకటి రెండుసార్లు మాటామాటా వచ్చిందని సంఘం వాళ్లు చెప్పారు. ఫ్లెక్సీ మార్చి, "కార్లు వేపచెట్టు దగ్గరే ఆపండి. కాంటా ఉంటే ఎడమ పక్క దిగండి" అని రెండే వాక్యాలు రాయించాం, బాణం గుర్తుతో.

ర్యాంపు చివరి పలక కింద బోలు అలాగే ఉంది. దాంట్లో రాళ్లు పేర్చి కాంక్రీటు నింపాలి, నీళ్లు దిగిన ఏప్రిల్, మే నెలల్లో తప్ప ఆ పని కుదరదు. చెరువు కాబట్టి నీటిపారుదల శాఖ అనుమతి కావాలి, సంఘం పేరు మీద దరఖాస్తు పెట్టారు. ఖర్చులో గ్రూపు ఒక వంతు, ట్రైలర్ ఆయన ఒక వంతు పెట్టుకుంటామన్నారు. అనుమతి వచ్చేదాకా ఆ గుంత ఉన్న చోట వెదురు కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టాం.